బోర్డు మీద పేరుంది, మరి బాధ్యత ఎవరిది? జేమీ ఆలివర్ రెస్టారెంట్ల మూతపై చర్చ

మిరపతోట

సూటిగా అడుగుతున్నా, మీరూ సూటిగా చెప్పండి. 2019 మే 21న బ్రిటన్‌లో జేమీ ఆలివర్ రెస్టారెంట్ కంపెనీ దివాలా తీసి అడ్మినిస్ట్రేషన్‌లోకి (అంటే కంపెనీ పగ్గాలు బయటి నిర్వాహకుల చేతికి) వెళ్లింది. అప్పటికి మిగిలిన 25 రెస్టారెంట్లలో 22 వెంటనే మూతపడ్డాయి, దాదాపు వెయ్యి మంది ఉద్యోగాలు పోయాయి. ఆయన మాత్రం టీవీలో అలాగే కనిపిస్తున్నాడు, కొత్త వంట పుస్తకాలు వస్తూనే ఉన్నాయి, 2023 నవంబర్‌లో లండన్ క్యాథరిన్ స్ట్రీట్‌లో మళ్లీ తన పేరుతోనే రెస్టారెంట్ తెరిచాడు. ఇదేంటని అడిగితే అభిమానులు "వ్యాపారమన్నాక లాభనష్టాలు ఉంటాయి కదా" అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను.

ఈయన ఎవరో తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఎసెక్స్‌లో అమ్మానాన్నల పబ్ వంటగదిలో పెరిగాడు. లండన్‌లో రివర్ కఫేలో పనిచేస్తుండగా 1997లో అక్కడికి వచ్చిన టీవీవాళ్ల కంటపడ్డాడు, 1999కల్లా బీబీసీలో సొంత వంట కార్యక్రమం. ఆ తర్వాత పదేళ్లకు పైగా సెయిన్స్‌బరీస్ సూపర్ మార్కెట్ ప్రకటనలు. 2008లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి 'జేమీస్ ఇటాలియన్' తెరిచాడు. అది కొన్నేళ్లలోనే బ్రిటన్‌లో 40 దాటింది, విదేశాల్లో ఫ్రాంచైజీలు వేరే. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో కూడా 2015లో వచ్చింది.

ఇన్ని చోట్ల ఒక మనిషి వండలేడు, అది చిన్నపిల్లాడికీ తెలుసు. అయినా జనం లోపలికి వెళ్లింది ఆ బోర్డు మీది పేరు చూసే. జనాన్ని రప్పించిన పేరు, మూతపడిన రోజు మాత్రం "అది వేరే కంపెనీ" అని పక్కకు జరిగితే ఎలా? నా లెక్కలో చెఫ్‌గా ఆయన కెరీర్‌ను తూచాల్సింది రెస్టారెంట్లతోనే, టీవీతో కాదు.

లెక్కల మాస్టారు

మిరపతోట గారూ, మీ కోపం అర్థమైంది కానీ సగం కథే చెప్పారు. ఆ రోజుల్లో బ్రిటన్ బజారు వీధుల్లో ఏం జరిగిందో కూడా చూడాలి. 2018 ఒక్క ఏడాదిలోనే బైరన్, ప్రెజో, కార్లూచియోస్ ఈ మూడు చెయిన్లూ అప్పులవాళ్లతో సీవీఏ కుదుర్చుకున్నాయి. అంటే అద్దెలు తగ్గించుకుని, కొన్ని బ్రాంచీలు మూసుకుని, మిగతావి నడుపుకునే ఒప్పందం. జేమీస్ ఇటాలియన్ కూడా అదే ఏడాది మొదట్లో 12 బ్రాంచీలు మూసి అదే దారి పట్టింది. అప్పటికే కంపెనీ మీద 7 కోట్ల పౌండ్లకు పైగా అప్పు.

కారణాలు కొత్తవేం కాదు. మంచి సెంటర్లలో పెద్ద పెద్ద హాళ్లు దీర్ఘకాలిక లీజుకు తీసుకున్నారు, అద్దె పెరగడమే తప్ప తగ్గదు, దాని మీద బిజినెస్ రేట్లు, అంటే వ్యాపార స్థలాల మీద వేసే పన్ను. 2016 ఏప్రిల్‌లో 25 ఏళ్లు దాటినవాళ్లకు కనీస వేతనం గంటకు 7.20 పౌండ్లకు పెరిగింది (పెరగాల్సిందే, అది వేరే విషయం). అదే ఏడాది జూన్‌లో బ్రెగ్జిట్ ఓటుతో పౌండ్ పడిపోయింది. ఇటలీ నుంచి చీజ్, హామ్, ఆలివ్ నూనె తెచ్చుకునేవాళ్లకు అది నేరుగా దెబ్బ. 2017 జనవరిలో 6 బ్రాంచీలు మూస్తున్నప్పుడు వాళ్లు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి.

ఇంకో మాట. ఆయన పారిపోలేదు. సొంత డబ్బు కోటి పౌండ్లకు పైగా అందులో పోశాడు. చట్టప్రకారం పెట్టాల్సిన అవసరమే లేదు, లిమిటెడ్ కంపెనీ అంటేనే అది. ఆయన తప్పు ఒకటే, మరీ వేగంగా పెంచుకుంటూ పోవడం. తప్పుడు లెక్క వేశాడు అనండి ఒప్పుకుంటా, మోసం అంటే మాత్రం ఒప్పుకోను.

వెనక గుమ్మం

మోసం అని ఎవరూ అనలేదు మాస్టారూ. నేను ఇంగ్లండ్‌లో ఒక చెయిన్ రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేశా, పేరు చెప్పను, మనం మాట్లాడుకుంటున్నది కాదు. లోపలి సంగతి చెప్తా. చెయిన్ పెద్దదయ్యే కొద్దీ చెఫ్ అక్కర్లేకుండా పోతాడు. సాస్ సెంట్రల్ కిచెన్ నుంచి చల్లటి ప్లాస్టిక్ సంచుల్లో వస్తుంది, మరిగే నీళ్లలో వేడిచేసి, కత్తెరతో మూల కోసి, పాన్‌లోకి పిండాలి. గోడకు ప్లేటు ఫొటో అతికించి ఉంటుంది, ఆకు ఏ పక్కన పెట్టాలో కూడా అందులోనే. ఉప్పు చాల్లేదు అనిపించినా వేయకూడదు, ఎందుకంటే బ్రిస్టల్లో తిన్నా లీడ్స్‌లో తిన్నా ఒకటే రుచి రావాలి. ఇలా నడిచే చోట బోర్డు మీద ఎంత గొప్ప వంటవాడి పేరున్నా తినేవాడికి తేడా తెలియదు. మొదట్లో పేరు చూసి వస్తారు, రెండోసారి ఎదురుగా ఆఫర్ ఉన్న పిజ్జా షాపుకి పోతారు.

మూతపడటం గురించి కూడా కొంచెం చెప్పనివ్వండి, ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదు. బ్రిటన్‌లో కంపెనీ దివాలా తీస్తే బాకీ పడ్డ జీతంలో 800 పౌండ్ల వరకే సిబ్బందికి ముందు వరుస. ప్రభుత్వం నేషనల్ ఇన్సూరెన్స్ ఫండ్ నుంచి కొంత ఇస్తుంది, దానికీ వారానికింత అని పరిమితి, 2019లో అది 525 పౌండ్లు. ఉద్యోగం పోయినందుకు వచ్చే పరిహారానికి మాత్రం ఒకే యజమాని దగ్గర రెండేళ్లు చేసి ఉండాలి. కిచెన్లలో రెండేళ్లు నిలిచేది ఎందరు? ఎక్కువమంది ఆరు నెలలకో ఏడాదికో మారిపోతుంటారు. అంటే చాలామందికి చేతికి వచ్చేది చివరి జీతం, వారం నోటీసు డబ్బు, ఏదో కొంత సెలవు డబ్బు, అంతే. మా చోట ఒక బ్రాంచి మూసినప్పుడు రాత్రి షిఫ్టు అయ్యాక ఫ్రిజ్‌లో మిగిలిన కూరగాయలు పంచుకుని ఇళ్లకు వెళ్లాం. పొద్దున మళ్లీ పని వెతుక్కోవడం.

బడిగంట

నన్నూ కాస్త మాట్లాడనివ్వండి. మీరందరూ రెస్టారెంట్ల దగ్గరే తిరుగుతున్నారు. నా పిల్లలు ఇద్దరూ ఇక్కడ ఇంగ్లండ్ స్కూల్లోనే మధ్యాహ్నం తింటారు, అందుకే నాకు జేమీ ఆలివర్ అంటే ముందు గుర్తొచ్చేది 2005.

అప్పటికి ఒక పిల్లాడి స్కూలు భోజనం దినుసులకు పెట్టే ఖర్చు 37 పెన్నీలు. ఆ డబ్బుతో వచ్చేవి ఏంటి? టర్కీ ట్విజ్లర్స్ అని, టర్కీ కోడి మాంసం తుక్కుని మెలికలు తిప్పి వేయించినవి, చిప్స్, నగెట్స్. ఆయన గ్రీనిచ్‌లో కిడ్‌బ్రూక్ స్కూల్ వంటగదిలోకి వెళ్లి, అక్కడి హెడ్ డిన్నర్ లేడీ (స్కూల్లో భోజనం వండేవాళ్ల పెద్ద) నోరా సాండ్స్‌తో కలిసి అదే డబ్బుతో తాజాగా వండే ప్రయత్నం చేశాడు. మొదట్లో పిల్లలు ముట్టుకోలేదు, ప్లేట్లు ప్లేట్లు చెత్తబుట్టలో పడ్డాయి. అదంతా టీవీలో చూపించారు, దాచలేదు. తర్వాత 2 లక్షల 71 వేలకు పైగా సంతకాలతో డౌనింగ్ స్ట్రీట్‌లోని ప్రధాని ఆఫీసుకి వెళ్లాడు, టోనీ బ్లెయిర్ ప్రభుత్వం 28 కోట్ల పౌండ్లు ఇస్తామంది. 2006లో నిబంధనలు వచ్చాయి: డీప్ ఫ్రై చేసినవి వారానికి రెండుసార్లకు మించకూడదు, చిప్స్ ప్యాకెట్లు, చాక్లెట్లు, గ్యాస్ డ్రింకులు స్కూల్లో బంద్.

ఇది ఉత్త టీవీ హడావిడి కాదు. మిషెల్ బెలో, జొనాథన్ జేమ్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు గ్రీనిచ్ ప్రైమరీ స్కూళ్లను చుట్టుపక్కల ప్రాంతాలతో పోల్చి చూస్తే ఇంగ్లిష్, సైన్స్ ఫలితాలు మెరుగయ్యాయి, ఒంట్లో బాగోలేదనీ అదనీ పెట్టే సెలవులు దాదాపు 14 శాతం తగ్గాయి. ఒక వంటవాడు చేయగలిగిన పనుల్లో దీనికంటే పెద్దది నాకు కనిపించడం లేదు. నలభై ఇటాలియన్ రెస్టారెంట్లు ఉంటే ఎంత, పోతే ఎంత?

మిరపతోట

బడిగంట అక్కా, "పోతే ఎంత" అనే మాట వెనక గుమ్మం రాసినదాని కిందే రాశారు, ఒకసారి చూసుకోండి.

స్కూల్ భోజనం సంగతికొస్తే, మంచి పని అని నేనూ అంటాను. కానీ ఎవరి మీద పడింది ఆ భారం? తాజాగా వండాలంటే కూరగాయలు కడగాలి, తొక్క తీయాలి, కోయాలి. డబ్బా తెరిచి ఓవెన్లో పెట్టే పని గంటలకే ఆ డిన్నర్ లేడీలకు జీతం. మన ఊళ్లల్లో మధ్యాహ్న భోజనం వండే ఆయాలను చూసినవాళ్లకు ఇది కొత్త కాదు, మెనూ మారుస్తారు, చేతులు పెంచరు. ఇంకోటి, 2006లో రోథరమ్ దగ్గర రామార్ష్‌లో కొందరు తల్లులు స్కూలు కంచె పైనుంచి పిల్లలకు బర్గర్లు, చిప్స్ అందిస్తే దేశం మొత్తం వాళ్లను ఆడిపోసుకుంది. ఆయన కూడా వాళ్ల మీద నోరు పారేసుకున్నాడు. మెనూ మార్చేముందు ఆ తల్లుల్ని ఎవరైనా కూర్చోబెట్టి మాట్లాడారా? డబ్బున్న మనిషి టీవీ కెమెరాతో వచ్చి పేదవాళ్ల ప్లేటు చూపించి తిట్టడం, నాకు మింగుడుపడదు.

బడిగంట

తమ్ముడూ, ఉద్యోగాలు పోవడం చిన్న విషయమని నా ఉద్దేశం కాదు, రెస్టారెంట్ల సంఖ్యతో మనిషిని కొలవద్దు అన్నాను. రామార్ష్ విషయంలో తల్లులకు జరిగింది అన్యాయమే. అయితే ఆయన అక్కడితో ఆగలేదు, అదే రోథరమ్‌కి 2008లో వెళ్లి ఊరి మధ్య వంట నేర్పే సెంటర్ తెరిచాడు. ఒకరు నేర్చుకుని ఇంకొకరికి నేర్పాలి అనేది పద్ధతి. తిట్టిన ఊరికే తిరిగివెళ్లి నిలబడటం అందరూ చేసేది కాదు.

ఓడిపోయిన చోట కూడా ఆయన్ని చూడండి. 2010లో అమెరికాలో వెస్ట్ వర్జీనియా హంటింగ్టన్‌లో పిల్లల ముందు కోడి ఎముకలు, చర్మం, మిగిలిన తుక్కు అన్నీ మిక్సీలో వేసి తిప్పి, పిండి కలిపి నగెట్స్ చేశాడు. ఛీ అన్నారు పిల్లలు. ఇప్పుడు ఎవరు తింటారు అని అడిగితే చేతులన్నీ లేచాయి. ఆయన ముఖం చూడాలి అప్పుడు. అది కూడా ప్రసారం చేశారు.

లెక్కల మాస్టారు

చక్కెర పన్ను మాట ఎవరూ ఎత్తలేదు. 2015లో తన రెస్టారెంట్లలోనే చక్కెర డ్రింకుల మీద 10 పెన్నీలు అదనంగా వేశాడు, ప్రభుత్వాన్ని కూడా అలాంటి పన్ను వేయమని అడిగాడు. 2018 ఏప్రిల్‌లో పన్ను అమల్లోకి వచ్చింది, అది తప్పించుకోవడానికి చాలా కంపెనీలు డ్రింకుల్లో చక్కెరే తగ్గించేశాయి. చూడండి, రెస్టారెంట్లు లేకపోతే ఈ మాట చెప్పే అర్హత ఎక్కడిది? మీరు రెండూ విడదీసి మాట్లాడుతున్నారు, ఆయన జీవితంలో అవి విడిగా లేవు.

వెనక గుమ్మం

విడిగా లేవు అనేదే నా పాయింటు కూడా. అందుకే 'ఫిఫ్టీన్' గురించి చెప్పాలి. 2002లో పనీపాటా లేని, చదువు మానేసిన 15 మంది కుర్రాళ్లకు వంట నేర్పి వాళ్లతో నడిపిన రెస్టారెంట్. అందులో మొదటి బ్యాచ్‌లో నేర్చుకున్న టిమ్ సియాడటన్ తర్వాత లండన్‌లో ట్రులో, పడెల్లా పెట్టాడు. పడెల్లా ముందు పాస్తా కోసం వానలో కూడా క్యూ ఉంటుంది. నా దృష్టిలో ఆయన చేసిన అసలైన రెస్టారెంట్ పని అదే, కుర్రాడి చేతికి కత్తి ఇచ్చి పట్టుకోవడం నేర్పడం. సాస్ సంచి కోయడానికి కత్తెర ఇవ్వడం కాదు.

ఆ ఫిఫ్టీన్ లండన్ కూడా 2019లో ఆ చెయిన్‌తో పాటే మునిగింది, కార్న్‌వాల్‌లోది అదే ఏడాది డిసెంబర్‌లో మూసేశారు. నాకు కడుపు మండేది ఇక్కడే. ఇటాలియన్ చెయిన్ పోతే ఇంకో పది చెయిన్లున్నాయి, ఆ కుర్రాళ్లను చేరదీసే చోటు ఇంకోటి ఏది?

మిరపతోట

వెనక గుమ్మం అన్నా, మీరు చెప్పిన దాంతో నా వాదన ఇంకా గట్టిపడింది. పెంచుకుంటూ పోవడం వల్లే మంచిది కూడా పోయింది. మాస్టారు చెప్పిన సొంత డబ్బు బ్రాంచీలు నిలబెట్టడానికే ఖర్చయింది. అందులో కొంత ముందే విడిగా దాచి ఉంటే, రెండేళ్లు నిండని కిచెన్ కుర్రాడికి నెల జీతమైనా దక్కేది. చట్టం అడగదు, నిజమే. స్కూల్ భోజనం మార్చమని కూడా ఆయన్ని ఏ చట్టమూ అడగలేదు, తనంతట తనే వెళ్లాడు. క్యాథరిన్ స్ట్రీట్‌లో మళ్లీ అదే పేరుతో బోర్డు పెట్టాడు కాబట్టి అడుగుతున్నా: రేపు అది కూడా మూతపడితే ముందు జీతాలు, తర్వాతే మిగతావి అని ఇప్పుడే రాసి సిబ్బంది చేతికి ఇవ్వొచ్చు కదా? దీనికి మాత్రం సమాధానం చెప్పండి మాస్టారూ, పౌండ్ పడిపోవడం గురించి కాదు.