బిల్లు లేని 'బీటీ-3' పత్తి విత్తనం: నాన్నకు ఎట్లా నచ్చజెప్పాలి?

అందరికీ నమస్తే. మాది దేవరకొండ వైపు, ఎర్రచెల్కలో వానాధార పత్తి. కలుపుకు కూలీలు దొరకడం లేదని నాన్న ఈసారి 'బీటీ-3' విత్తనం తెస్తానంటున్నాడు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టినా పత్తి మొక్క చావదట. దానికి మన దేశంలో అనుమతే లేదు, మొలవకపోతే అడగడానికి రసీదూ ఉండదు. 2006లో వచ్చిన, పురుగును చంపే రెండు జన్యువులున్న బీటీ పత్తికే గులాబీ పురుగు తట్టుకుంటోంది; పోయినేడు మా చేన్లో విచ్చుకోని గుడ్డిపూలు విప్పితే లోపల పురుగే. ఇందులో అదనంగా చేర్చిన జన్యువు కలుపు మందు కోసమే, పురుగు కోసం కాదు.

పక్క చేన్లో కంది ఉంది. మందు గాలికి అటు పోతే వాళ్ల పంట మాడుతుంది, అది చాలా అన్యాయం. చెల్క పత్తిలో గుంటుక, పవర్ వీడర్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు ఉంటే ఎకరానికి ఖర్చెంతో చెప్పండి. లెక్క చూపిస్తేనే నాన్న వింటాడు.