జింక్ అమాల్గం ల్యాబులో ఉండాలా, తీసేయాలా?

అలిపిరి ఎమ్మెస్సీ: తిరుపతిలో మా ల్యాబులో ఈ ఏడు నుంచి జోన్స్ రిడక్టర్, అదే జింక్ అమాల్గం (పాదరసం పూసిన జింకు రవ్వ) నింపిన గొట్టం, వద్దంటున్నారు, అందులో పాదరసం ఉందని. నాకూ సబబే అనిపిస్తోంది. పాదరసం వాడకం తగ్గించాలన్న మినమాటా ఒప్పందం 2017లోనే అమల్లోకి వచ్చింది కదా. ఐరన్ ఎస్టిమేషన్‌కి (ఇనుము ఎంతుందో కొలవడానికి) ముందు ఫెర్రిక్ ఇనుముని ఫెర్రస్‌గా మార్చేందుకు స్టానస్ క్లోరైడ్ (తగరం లవణం) పద్ధతి చాలదా?

చిత్తూరు పాత లెక్చరర్: పెనం మీంచి పొయ్యిలో పడతావు నాయనా. ఫెర్రిక్‌ని ఫెర్రస్ చేశాక మిగిలిన స్టానస్‌ని దేనితో తీసేస్తావు? మెర్క్యురిక్ క్లోరైడ్‌తోనే, అదీ పాదరసం లవణమే! పట్టులా మెరిసే తెల్లటి అవక్షేపం వస్తే సరే. బూడిదరంగు దిగిందంటే పాదరసమే బయటపడింది, మళ్ళీ మొదటికి. అదీ ప్రతి టైట్రేషన్‌కీ.

జోన్స్‌లో అట్లా కాదు. 300 గ్రాముల జింకు రవ్వని 2 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణం 300 మి.లీ.లో కాసేపు కుదిపితే చాలు. ఆరు గ్రాముల మెర్క్యురిక్ క్లోరైడ్, ఒకేసారి. ఒట్టి జింకయితే ఆమ్లంలో బుసబుసా హైడ్రోజన్ వదిలి కరిగిపోతుంది. పాదరసం పొర మీద హైడ్రోజన్ పుట్టడం కష్టం, అందుకే జింకు ఎలక్ట్రాన్లు ఇనుముకి దక్కుతాయి. పసుపుగా పోసిన ఇనుము ద్రావణం కింద రంగు లేకుండా జారడం ఒక్కసారి చూసినోడు ఓవర్‌వోల్టేజీ (హైడ్రోజన్‌కి ఈ అడ్డంకి) పాఠం మరిచిపోడు.

చంద్రగిరి ల్యాబ్ అసిస్టెంట్: సార్, పాఠం మీది, కడిగేది నేను. పిల్లోళ్ళు కడిగిన నీళ్ళు నేరుగా సింకులో పోస్తారు. ఒకసారి సింకు కింద పైపు విప్పితే అడుగున పాదరసం గుండ్లు దొర్లినాయి. వేసవి సెలవుల్లో గొట్టంలో నీళ్ళు పోసేవాళ్ళు లేక రవ్వంతా గడ్డకట్టింది. మళ్ళీ కొత్త జింకు, కొత్త విషం. ఒకేసారి అంటే నేనొప్పుకోను.

చిత్తూరు పాత లెక్చరర్: నిజమే. గొట్టాలు ఎండబెట్టిన తప్పు మా రోజుల్లోనూ జరిగింది. అయితే స్టానస్ జోలికి పోకుండా వెండి రిడక్టర్ పెట్టించండి. సిల్వర్ నైట్రేట్‌లో రాగి రేకు వేస్తే దిగే వెండి పొడే గొట్టంలో నింపేది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పనిచేస్తుంది, కాబట్టి క్లోరైడ్‌తోనూ చర్య జరిపే పర్మాంగనేట్ వద్దు, డైక్రోమేట్‌తో టైట్రేట్ చెయ్యండి. వాడేకొద్దీ వెండి క్లోరైడయి నల్లబడుతుంది. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో జింకు కడ్డీ తాకిస్తే మళ్ళీ వెండే. ఖర్చు మొదట్లోనే.

అలిపిరి ఎమ్మెస్సీ: రేపే మేడమ్‌ని అడుగుతాను సార్. మరి ఉన్న జోన్స్ గొట్టం?

చంద్రగిరి ల్యాబ్ అసిస్టెంట్: మా దగ్గరిదయితే నీళ్ళు నింపి, మూత బిగించి, పైన చీటీ అంటించి బీరువాలో పెట్టినా. పాదరసం వ్యర్థాలు తీసుకుపోయే వాళ్ళు వచ్చేదాకా తాళం నా దగ్గరే.