అప్‌డేట్: హార్మోన్ల విషయమై మా బిడ్డతో డాక్టరు గారి దగ్గరికి వెళ్లి వచ్చాను

కొడుకుగా పెంచిన నా 23 ఏళ్ల బిడ్డ ఆడపిల్లగా బతకడానికి హార్మోన్లు వాడతానంటోందని, తల్లిగా ఆపాలా వద్దా అని లోగడ అడిగాను. అమలాపురం నుంచి కాకినాడ వెళ్లి ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టరును, కలిశాం. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోనుతో కొన్ని నెలల్లో మొదలయ్యే రొమ్ముల పెరుగుదల మందు మానినా వెనక్కి పోదని, గొంతు మాత్రం మారదని, సంతానసామర్థ్యం దెబ్బతినవచ్చు కనుక వీర్యాన్ని ముందే భద్రపరచుకునే విషయం ఆలోచించమని, రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది కాబట్టి సిగరెట్టు ముట్టవద్దని ఆయన ఓపికగా విడమరచి చెప్పారు. పక్కన కూర్చుని విన్నందుకు నా భయం సగం తీరింది. మా వారు ఇంకా పెదవి విప్పలేదు.

తన లింగ గుర్తింపును ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ఇక ఆపడానికి నేనెవరిని? యానాం దాటి ఎదుర్లంక వంతెన మీదికి బస్సు ఎక్కుతుండగా, "అమ్మా, రెండు నెలలు ఆలోచించుకుని మొదలుపెడతాను" అంది. రక్తపరీక్షల కాగితాలు పట్టుకున్న ఆ చేతిని గౌతమి దాటేదాకా నేను వదల్లేదు.