ఆక్వా ల్యాబ్ పని మీద మనసు పోవట్లేదు, నిజంగా పనిచేసే అలవాట్లు ఏమైనా ఉంటే చెప్పండి

ఉండి ల్యాబ్:

నమస్కారం అండి. ఉండి ఊరి దగ్గర, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ఒక ఆక్వా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను, ఆరేళ్లు దాటింది. పొద్దున్న ఏడు కాకుండానే రైతులు చెరువు నీళ్లు బాటిళ్లలో పట్టుకొచ్చి గుమ్మం దగ్గర వరసగా పెట్టేసి వెళ్లిపోతారు, మూత మీద మార్కర్‌తో పేరు, చెరువు నంబరు రాసి ఉంటాయి. సెలినిటీ, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా చూడడం, కాగితం మీద వేయడం, ఇంకో బాటిల్ తీయడం. మధ్యలో నిన్నటి టీసీబీఎస్ ప్లేట్లు, అంటే రొయ్యకి జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా ఉందేమో చూసే పళ్లేలు, తీసి ఆకుపచ్చ కాలనీలు (బ్యాక్టీరియా చుక్కలు) ఎన్ని, పసుపువి ఎన్ని అని లెక్కపెట్టడం, ఆకుపచ్చవి ఎక్కువైతే మాకు భయం. పని రాదని కాదు, కళ్లు మూసుకుని చేసేస్తాను. కానీ ఏ చెరువు నిలబడిందో ఏది పోయిందో నాకు తెలీదు, రిపోర్టు తీసుకున్న మనిషి మళ్లీ కనబడేది ఇంకో బాటిల్‌తోనే.

రాత్రయితే ఫోన్లు. తెల్లవారుజామున మూడింటికి "రొయ్య పైకి తేలుతోంది, ఏం చేయమంటావు" అని. ఫోన్ రాని రోజు కూడా వస్తుందేమోనని నిద్ర పట్టదు. ఇంట్లో ఉన్నా నువ్వు ల్యాబ్‌లోనే ఉంటున్నావని మా ఆవిడ అంటోంది. మానేద్దామా అనిపిస్తోంది గానీ, ఇది నేను ఇష్టపడి నేర్చుకున్న పనండి. పాజిటివ్‌గా ఆలోచించు అనే వీడియోలు చాలా చూశాను, అవి వద్దు. ఎవరైనా పరీక్ష పెట్టి చూసి, పనిచేసిందని తేల్చిన అలవాట్లు ఉంటే చెప్పండి.

అమలాపురం సిస్టర్:

తమ్ముడు గారూ, నేను 18 ఏళ్లుగా నర్సుని, మీ నిద్ర సంగతి నాకు బాగా తెలుసు. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, ఆరో బెడ్ ఆయన సెలైన్ సంగతి నైట్ వాళ్లకి చెప్పానా లేదా అని పడుకున్నదాన్ని లేచి కూర్చునేదాన్ని. నాకు పనిచేసింది ఒక్కటే, రాసి పెట్టుకోవడం. 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో మైఖేల్ స్కల్లిన్ బృందం 57 మంది యువతీయువకులను నిద్ర ల్యాబ్‌లో పడుకోబెట్టి చూసింది. పడుకునే ముందు 5 నిమిషాలు కొందరి చేత రానున్న రోజుల్లో చేయాల్సిన పనులు రాయించారు, మిగతావాళ్ల చేత ఇప్పటికే అయిపోయిన పనులు రాయించారు. చేయాల్సినవి రాసినవాళ్లకి సుమారు 9 నిమిషాలు ముందే నిద్ర పట్టింది, ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. నేనైతే డ్యూటీ దిగే ముందే రాసేస్తాను. "రేపు రిపోర్టులు చూడాలి" అని కాదు, "ఫలానా బెడ్, ఫలానా రిపోర్టు, పదింటికి డాక్టరు గారికి చూపించాలి" అని. కాగితం మీదకి వెళ్లాక బుర్ర దాన్ని మోయడం మానేస్తుంది.

కాళ్ల ఊరి రైతు:

బాబూ, ఈ చదువుల సంగతి నాకు తెలీదు గానీ నీ రిపోర్టు తీసుకెళ్లే మనిషిని నేనే అనుకో. పోయినేడు రెండెకరాల చెరువులో వనామీ రొయ్య 70 కౌంటులో ఉంది, అంటే కేజీకి 70 తూగుతోంది, తిండి ఎంత తింటోందో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది, నేను అది పట్టించుకోకుండా వేస్తూనే ఉన్నాను. ల్యాబ్‌కి నీళ్లిస్తే అక్కడున్న కుర్రాడు అమ్మోనియా చూసి, కాగితం నా చేతికిచ్చి ఊరుకోకుండా బయటికొచ్చి, "పీహెచ్ కూడా ఎక్కువుంది, ఈ రెండూ కలిస్తే విషమండి, ఇవాళ మేత సగానికి కోసేయండి, కుదిరితే నీళ్లు మార్చండి" అన్నాడు. వారంలో చెరువు తేరుకుంది. ఆ పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్మిన డబ్బులతోనే మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాను. ఆ మాట ఆ అబ్బాయికి నేను ఇప్పటిదాకా చెప్పలేదు, నీ పోస్టు చదివాక సిగ్గనిపించింది, రేపు వెళ్లి చెప్తాను.

రాత్రి ఫోన్ల గురించి కూడా చెప్తాను. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా అదే పీల్చుకుంటుంది, అందుకే తెల్లారే ముందు డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఇది ప్రతి రైతుకీ తెలుసు. తెలిసినా భయమేసి ఫోన్ చేస్తాం, అవతల ఒక గొంతు వినబడితే ధైర్యం. నువ్వు సాయంత్రం ఏడింటికి "ఇవాళ మబ్బుగా ఉంది, రాత్రంతా ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మిషన్లు) ఆపకండి, జనరేటర్‌లో డీజిల్ చూసుకోండి" అని గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టి చూడు, సగం ఫోన్లు రావు.

తణుకు బ్యాంకు:

రైతు గారు చెప్పింది చదువుతుంటే ఒక ప్రయోగం గుర్తొచ్చింది. ఆడం గ్రాంట్ బృందం 2007లో రాసింది. ఒక యూనివర్సిటీ కాల్ సెంటర్లో పూర్వ విద్యార్థులకి ఫోన్ చేసి విరాళాలు అడిగే ఉద్యోగులు ఉంటారు, రోజంతా వద్దు, కుదరదు అనే మాటలే వింటారు. ఆ డబ్బుతో చదువుకుంటున్న ఒక స్కాలర్‌షిప్ విద్యార్థిని తీసుకొచ్చి కొందరితో కాసేపు మాట్లాడించారు, అంతే. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం, తెచ్చే డబ్బు రెండూ రెట్టింపు దాటాయి. జీతం పెరగలేదు, బాస్ మారలేదు, తమ పని ఎవరికి చేరుతోందో కళ్లతో చూశారు. మీకు లేనిది అదే అనిపిస్తోంది. వారానికి ఒక్క రైతుకి మీరే ఫోన్ చేసి చెరువు ఎలా ఉందని అడగండి, వీలైతే వెళ్లి చూడండి.

ఫోన్ గురించి ఇంకొకటి. కెనడాలో 2015లో కుష్లెవ్, డన్ అనే ఇద్దరు 124 మందితో ఒక వారం రోజుకి మూడుసార్లే మెయిల్ చూడమన్నారు, ఇంకో వారం ఎన్నిసార్లైనా చూడమన్నారు. మూడుసార్లు చూసిన వారం టెన్షన్ తగ్గింది. మీ వాట్సాప్‌కి కూడా టైమ్ పెట్టుకోండి.

కానీ ఒకటి కచ్చితంగా చెప్పాలి. 2024లో ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ బ్రిటన్ ఉద్యోగులు 46,336 మంది సర్వే సమాధానాలు చూస్తే, ధ్యానం యాప్‌లు, ఒత్తిడి తగ్గించే ట్రైనింగ్‌ల లాంటివి తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కన్నా మెరుగ్గా ఏమీ లేరని తేలింది. పనిభారం మారకుండా మనిషిని మాత్రమే మార్చాలని చూస్తే అంతేనండి. పగలంతా చేసి రాత్రి ఫోన్లు కూడా ఒక్కరే ఎత్తడం మీ అలవాట్ల లోపం కాదు, మీ ఓనర్‌తో మాట్లాడాల్సిన విషయం.

ఉండి ల్యాబ్:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. సిస్టర్ గారూ, ల్యాబ్ మూసే ముందు నోట్‌బుక్‌లో రాస్తున్నాను, మొదటి నాలుగు రోజులు తేడా లేదు, తర్వాత నిద్ర కాస్త ముందే పడుతోంది. సాయంత్రం మెసేజ్ పెడుతున్నాను, పోయిన వారం రాత్రి రెండే ఫోన్లు వచ్చాయి. ఓనర్ గారిని అడగడానికి భయపడ్డాను గానీ, రాత్రి ఫోన్ రోజు మార్చి రోజు ఇంకో అబ్బాయికి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. జీతం సంగతి ఇంకా తేలలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ప్లేటులో ఆకుపచ్చ కాలనీలు ఎక్కువొచ్చిన ఒకాయనకి రెండ్రోజులాగి నేనే ఫోన్ చేశాను. "నువ్వు ఫోన్ చేశావా!" అని ఆయన కాసేపు మాట్లాడలేదు. చెరువు నిలబడిందట. ఆదివారం పట్టుబడి, వలలు లాగేటప్పటికి తెల్లారుతుంది, నువ్వూ రా అన్నారు. మా ఆవిడని కూడా తీసుకెళ్తున్నాను.