"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం": జాక్‌హ్యామర్ విషయంలో ఈ సామెత చెల్లుతుందా?

పదాలపిచ్చి
గ్రానైట్ క్వారీల్లో జాక్‌హ్యామర్ (గాలి ఒత్తిడితో రాయికి బెజ్జం వేసే మిషను) పట్టే కార్మికుల కోసం తెలుగులో ఒక గోడపత్రిక రాస్తున్నాం. లూబ్రికేషన్ భాగానికి పైన ఈ సామెత పెట్టాం, కింద "పని మొదలుపెట్టే ముందు యంత్రానికి కందెన వేయండి" అని రాశాం. సామెత అందరికీ తెలిసిందే. కందెన మన మాటే, బళ్లో ఘర్షణ పాఠంలో పిల్లలు చదువుకునేదీ అదే. అయినా చిత్తుప్రతి చూసిన ఒక సభ్యుడు సామెతా నప్పదు, వాక్యమూ నప్పదు అన్నారు. ఎందుకు నప్పదో తెలిసినవాళ్లు చెప్పండి.

తెలుగు మేష్టారు
ముందు సామెత సంగతి. కందెన అంటే ఎద్దుబండి ఇరుసుకి పూసేది. ఆముదంలో మసి కలిపి ముద్దలా చేసి, వెదురు గొట్టంలో పెట్టి బండికే వేలాడదీసేవారు. శీల ఊడదీసి, చక్రాన్ని కాస్త పక్కకి లాగి, ఇరుసు మీద పూసి మళ్లీ తోసేవారు. పూయడం మానేస్తే కర్రా ఇనుమూ రాసుకుని కిర్రుమంటాయి, ఆ కిర్రే సంగీతం. చెయ్యాల్సిన చిన్న పని చెయ్యనివాడికి గోల తప్పదన్న ఎత్తిపొడుపు అందులో ఉంది. 

అంటే కందెనకి రెండు లక్షణాలు: చిక్కగా ఉంటుంది, చేత్తో పూస్తారు. యంత్రాలవాళ్లు దీనికి ఒప్పుకుంటారా?

చీమకుర్తి ఫిట్టర్
మేష్టారూ, గొడవ అక్కడే ఉంది. "కందెన వేయండి" అని గోడ మీద రాస్తే, చదివినవాడు గ్రీజు డబ్బా పట్టుకొస్తాడు. బేరింగుకి, బండి చక్రానికి గ్రీజు సరే. జాక్‌హ్యామర్ లోపలికి గ్రీజు వెళ్తే మిషను సరిగా నడవదు.

ఎందుకో చెప్తాను. లోపల పిస్టన్ నిమిషానికి సుమారు 2000 సార్లు రాడ్డు (రాతిలోకి దిగే ఉక్కు కడ్డీ) తల మీద కొడుతుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య రాడ్డు కొంచెం తిరగాలి, లేకపోతే రాడ్డు కొసనున్న బిట్టు ఒకే గాట్లో కొట్టుకుంటుంది. ఆ తిప్పే పని రైఫిల్ బారుది. మరచుట్టులాంటి గాళ్లున్న కడ్డీ అది. దాని తల చుట్టూ రాట్చెట్ రింగు (ఒకవైపే తిరగనిచ్చే పళ్ల చక్రం), అందులో చిన్న చిన్న పాల్స్ (ఆ పళ్లలో పడే నాలుకలు), వాటి వెనక స్ప్రింగులు. పిస్టన్ కిందికి కొట్టేటప్పుడు రైఫిల్ బారు స్వేచ్ఛగా తిరుగుతుంది. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు పాల్స్ పళ్లలో పడి దాన్ని పట్టేస్తాయి. అప్పుడు పిస్టనే తిరగాల్సి వస్తుంది, దాంతోపాటు చక్కు (రాడ్డుని పట్టుకునే భాగం), చక్కులోని రాడ్డు. ఇదంతా నిమిషానికి ఆ రెండువేల సార్లూ జరగాలి. పాల్ మీద గ్రీజు పేరుకుంటే స్ప్రింగు దాన్ని సమయానికి తొయ్యలేదు. పాల్ పంటిలో పూర్తిగా కూర్చోకుండానే బరువు పడుతుంది, కొస విరుగుతుంది. రాడ్డు కొడుతూనే ఉంటుంది కానీ తిరగదు. బిట్టు బెజ్జంలో ఇరుక్కుంటుంది. అప్పుడు రాడ్డుని రెంచీతో తిప్పుతూ, రాయిని తిడుతూ కూర్చుంటారు.

పదాలపిచ్చి
మరి పూయకుండా నూనె లోపలికి ఎలా వెళ్తుంది?

చీమకుర్తి ఫిట్టర్
గాలే మోసుకెళ్తుంది. కంప్రెసర్ నుంచి వచ్చే గొట్టంలో, మిషనుకి 3 మీటర్ల దగ్గర్లో లైన్ ఆయిలర్ బిగిస్తారు. ఆయిల్ బాటిల్ అన్నా క్వారీలో ఎవరికైనా అర్థమవుతుంది. గాలి దాంట్లోంచి పోతూ నూనెని తుంపరగా లాక్కుంటుంది. ఎంత లాగాలన్నది ఒక సూది స్క్రూతో సరిచేస్తాం. దాని ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది, గాలి పోయే దిక్కు అది. తిరగేసి బిగిస్తే నూనె సరిగా అందదు. బాటిల్ మాత్రం నిండుగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సాయంత్రం దాకా నూనె మట్టం దిగలేదంటే ముందు చూడాల్సింది ఆ బాణమే, తర్వాత సూది మూసుకుపోయిందేమో.

మిషనుకి దూరంగా, కంప్రెసర్ పక్కనే పెడితే సౌకర్యమే, నింపడం తేలిక. కానీ నూనె దారి పొడుగునా గొట్టం గోడకి అంటుకుంటూ పోతుంది, వంపుల్లో నిలుస్తుంది. మిషనుకి చేరేది ఎండుగాలి. కొత్త గొట్టం వేసినప్పుడూ అంతే, లోపలి గోడ తడిసేదాకా మిషనుకి సరిగా అందదు. అందుకే కొత్త గొట్టం వేసినా, మిషను రెండు రోజులు ఊరికే ఉన్నా, గాలి గొట్టం విప్పి, మిషను గాలి నోట్లో రెండు మూడు చెంచాల రాక్ డ్రిల్ ఆయిల్ పోసి, సగం థ్రాటిల్ (మిషనుకి గాలి వదిలే పిడి) మీద కాసేపు తిప్పాలి. పోసే ముందు గొట్టాన్ని ఒకసారి ఉత్తిగాలితో ఊదాలి. ఊదేటప్పుడు చివరని గట్టిగా పట్టుకోవాలి, మనుషుల వైపు పెట్టకూడదు. కిందపడి దొర్లిన గొట్టంలో రాతిపొడి ఉంటుంది. నూనెతో కలిస్తే అది సాన పట్టే ముద్ద అవుతుంది.

గనిబావి
మెటల్ గనుల వైపు నుంచి రెండు మాటలు. సామెత ఎందుకు నప్పదో పైన ఎవరూ చెప్పలేదు. బండి ఎండితే కిర్రుమంటుంది, చెవికి తెలుస్తుంది. జాక్‌హ్యామర్ నూనె నిండుగా ఉన్నప్పుడే 110 డెసిబెల్స్ దాటి మోగుతుంది. ఇయర్ మఫ్ పెట్టుకున్న మనిషికి ఆ మోతలో నూనె ఉన్న చప్పుడేదో లేని చప్పుడేదో తేడా తెలియదు. పైగా ఎండుతున్నకొద్దీ పిస్టన్ పట్టేస్తూ దెబ్బ మందగిస్తుంది. అంటే కందెన లేని ఈ బండికి సంగీతం తగ్గుతుంది! చెవిని నమ్ముకోమనే సామెతని గోడ మీద పెడితే, "గోల లేదు కదా, నూనె చాలు" అనుకునే ప్రమాదం ఉంది.

చూడాల్సింది కంటితో, చేత్తో. రాడ్డు బయటికి తీసి షాంక్ చూడండి, అంటే చక్కులో కూర్చునే ఆరుపలకల ముక్క. దాని మీద పల్చటి నూనె పొర మెరుస్తూ ఉండాలి. పొడిగా ఉంటే నూనె అందడం లేదు. గోధుమరంగుకో నీలానికో తిరిగితే అప్పటికే కాలింది. ఇంకో పరీక్ష: తెల్ల అట్టముక్కని ఎగ్జాస్టు (వాడిన గాలి బయటికి వచ్చే నోరు) ముందు జానెడు దూరంలో కొన్ని సెకన్లు పట్టాలి. లేత మరక పడితే సరి. ఏమీ పడకపోతే సూది ఇంకాస్త తెరవాలి. బొట్లు కారితే ఎక్కువైంది. ఎక్కువైనా నష్టమే, ముఖ్యంగా భూగర్భంలో. నూనె పొగమంచులా లేచి పీల్చే గాలిలో నిలుస్తుంది, ఎదుటి రాయి కనపడదు.

తెలుగు మేష్టారు
"సంగీతం తగ్గుతుంది" అన్నది బాగుంది. సామెతని తలకిందులు చేసి పెట్టుకోవచ్చేమో. ఒక అనుమానం: ఆముదం పనికిరాదా? మన ఊళ్లలో చవకే.

చీమకుర్తి ఫిట్టర్
వద్దు మేష్టారూ. ఆముదం జారుడుకి మంచిదే, కానీ వేడికి జిగురు కట్టి పొరలా అతుక్కుంటుంది. పాల్స్ సంగతి చెప్పాను కదా. ఇంజన్లోంచి తీసిన కాలిన ఆయిలు ఇంకా అన్యాయం. చాలాచోట్ల అదే పోస్తున్నారు, ఖర్చు లేదని. అందులో మసి, లోహపు పొడి ఉంటాయి. సూది రంధ్రం మూసుకుపోతుంది, వాల్వు అతుక్కుపోతుంది. అన్నిటికీ మించి ఎగ్జాస్టులోంచి వచ్చే తుంపర మనిషి మొహం మీదే పడుతుంది, అదే పీలుస్తాడు. పాత ఇంజన్ ఆయిలు ఒంటికి మంచిది కాదు.

డీజిలు, కిరోసిన్ కలిపి పల్చన చేసేవాళ్లూ ఉన్నారు. పల్చటి నూనె దెబ్బల మధ్య నిలబడదు, పిస్టన్ మీద గీతలు పడతాయి. పైగా వేడికి లోపలే మంట అంటుకునే ప్రమాదం ఉంది.

కావాల్సింది రాక్ డ్రిల్ ఆయిల్ అని అమ్మేదే. డబ్బా మీద నూనె చిక్కదనం చెప్పే ఐఎస్‌ఓ వీజీ అంకె చూడాలి. మన ఎండలకి 100 నుంచి 150 మధ్యది, నడివేసవిలో 150. అంకె పెరిగేకొద్దీ చిక్కన. డిసెంబరు తెల్లవారుజామున మరీ చిక్కటిది పోస్తే మిషను బద్ధకంగా లేస్తుంది, పాల్స్ ఆలస్యంగా పడతాయి. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన పట్టికే చివరిమాట.

పదాలపిచ్చి
కంప్రెసర్లో ఎలాగూ ఆయిలు ఉంటుంది కదా, ఆ గాలితోపాటు కొంత రాదా? ఇదీ అడుగుతారు.

గనిబావి
అడుగుతారు, నిజమే. స్క్రూ కంప్రెసర్లో ఆయిలుని గాలిలోంచి విడదీసి వెనక్కి పంపడానికే సెపరేటర్ ఉంది. తప్పించుకుని వచ్చే కాస్తా లెక్కలోకి రాదు. ఆ ఆయిలు తీరు కూడా వేరు. రాక్ డ్రిల్ ఆయిల్లో లోహాన్ని పట్టుకుని సాగే గుణం, దెబ్బ ఒత్తిడికి చెదరని గుణం, నీటితో కలిసినా పూత పోని గుణం కోసం మందులు కలుపుతారు. అలాగని దీన్ని తీసుకెళ్లి కంప్రెసర్లో పోస్తే అక్కడ మసి కడుతుంది. రెండు డబ్బాలకీ రెండు రంగులు వేసి పెట్టడం మేలు.

నీటి సంగతి కూడా పత్రికలో ఉండాలి. దుమ్ము లేవకుండా రాడ్డు మధ్య బెజ్జంలోంచి నీళ్లు పంపి తవ్వుతాం. నీటి ఒత్తిడి గాలి ఒత్తిడి కంటే కనీసం 1 బార్ తక్కువ ఉండాలి. గాలి 6 బార్ అయితే నీళ్లు 5 దాటకూడదు. దాటితే నీళ్లు వెనక్కి తన్ని సిలిండర్లోకి వస్తాయి, నూనె పూతని కడిగేస్తాయి, రాత్రికి రాత్రే తుప్పు. నీటిగొట్టం సీలు అరిగినా ఇదే గతి. ఎగ్జాస్టులోంచి తెల్లగా పాలలాంటి తుంపర వస్తోందంటే నూనెలో నీళ్లు కలుస్తున్నట్టు. గాలిలోని తేమ కూడా కలుస్తుంది, ముఖ్యంగా కోస్తా గాలి. షిఫ్టు మొదట్లో కంప్రెసర్ ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదిలెయ్యాలి.

పదాలపిచ్చి
రోజుకి ఎంత ఖర్చవుతుంది? ఒక అంకె ఉంటే మేస్త్రీలకి ఉపయోగం.

చీమకుర్తి ఫిట్టర్
ఒక్క అంకె అన్నిటికీ కుదరదు, లెక్క కట్టే పద్ధతి చెప్తాను. 120 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 120 ఘనపుటడుగుల గాలి తాగే మిషను అనుకోండి. మీటర్లలో సుమారు 3.4 ఘనమీటర్లు. గంటకి 204. దాని పుస్తకంలో ఘనమీటరుకి 1 మిల్లీలీటరు నూనె అని ఉంటే, గంటకి సుమారు 200 మిల్లీలీటర్లు. అర లీటరు బాటిల్ రెండున్నర గంటలు వస్తుంది. ఇక్కడ గంట అంటే థ్రాటిల్ తెరిచి ఉన్న గంట. రాడ్డు మార్చే సమయం, టీ సమయం అందులో రావు. కాబట్టి గడియారం చూసి కాదు, మట్టం చూసి నింపాలి.

నింపేటప్పుడు ముందు కంప్రెసర్ దగ్గర వాల్వు కట్టాలి. తర్వాత మిషను థ్రాటిల్ తెరిచి గొట్టంలో మిగిలిన గాలి వదలాలి. ఆ తర్వాతే మూత. గాలి ఉండగా మూత విప్పితే నూనె కళ్లలో కొడుతుంది. ఇది పెద్ద అక్షరాలతో రాయండి.

ఇంకొకటి, ఎంత నూనె పోసినా బాగుపడని జబ్బు ఉంది. మిషనుకి రెండు పక్కలా ఉండే సైడ్ బోల్టులు రెండూ ఒకే బిగువులో ఉండాలి. ఒకటి బిగువు, ఒకటి వదులు అయితే ఫ్రంట్ హెడ్డు (రాడ్డు వైపున్న ముందుభాగం) పక్కకి వాలుతుంది. పిస్టన్ ఒకవైపే రాసుకుంటుంది. చక్కు బుష్షు అరిగిపోయినా రాడ్డు తల ఒరిగి నిలబడుతుంది, పిస్టన్ దాని అంచు మీద కొట్టి పెచ్చులు లేపుతుంది. పిస్టన్ మీద గీతలు చుట్టూ సమానంగా ఉంటే నూనె లోపం, ఒక్క వైపే ఉంటే ముందు బిగువు లోపం వెతకాలి.

తెలుగు మేష్టారు
అయితే మాట సంగతి తేల్చుకుందాం. కందెనని పాఠాల్లో ఉండనిద్దాం, లూబ్రికెంట్లన్నిటికీ అది మంచి మాటే. గోడ మీద మాత్రం "ఆయిలు". "నూనె" అని రాస్తే వంటనూనె అనుకునేవాడూ ఉంటాడు. క్రియ కూడా "వేయండి" కాదు, "పోయండి". ఏ ఆయిలో కూడా చెప్పాలి.

పదాలపిచ్చి
సరేనండీ. సామెత తీసేస్తున్నాను. ఇలా మార్చాను, చూడండి:

"షిఫ్టు మొదలు: కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదలండి. గొట్టం ఊదండి. గాలి కట్టి, ఒత్తిడి వదిలాకే ఆయిల్ బాటిల్ మూత తీయండి. రాక్ డ్రిల్ ఆయిల్ మాత్రమే పోయండి. గ్రీజు వద్దు, పాత ఇంజన్ ఆయిలు వద్దు. పని మధ్యలో రాడ్డు తీసినప్పుడల్లా షాంక్ చూడండి: మెరిస్తే సరి, పొడిగా ఉంటే ఆపండి."

చీమకుర్తి ఫిట్టర్
బాగుంది. "ఆపండి" దగ్గర ఆగకుండా, "ఆపి, ఆయిల్ మట్టం, బాణం గుర్తు, సూది చూడండి" అని పెట్టండి. షాంక్‌ని వట్టి చేత్తో ముట్టుకోవద్దని కూడా. పొడిగా ఉన్న షాంక్ చర్మం ఊడదీసేంత వేడిగా ఉంటుంది.

గనిబావి
బాణం బొమ్మ గీసి పెట్టండి. చదవడం రానివాళ్లూ, ఒడిశా, బీహారు నుంచి వచ్చినవాళ్లూ అదే మిషను పడతారు.