పొగతోటలో తోట ఏది?

నెల్లూరు పాతకాపులు ఎవరైనా ఒక సందేహం తీర్చండి. నిన్న అమ్మను డాక్టరుకు చూపించడానికి ఊళ్లోని పొగతోట ప్రాంతానికి వెళ్లాం. టోకెను పట్టుకుని కూర్చుంటే మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఊపిరితిత్తుల డాక్టరు బోర్డు మీద కూడా పొగతోట అనే ఉంది. అన్నీ ఆసుపత్రులే, తోట ఏది?" నవ్వాను గానీ జవాబు లేదు.

నెల్లూరు పేరుకు 'నెల్లి', అంటే ఉసిరి చెట్టు కారణమని కొందరు, 'నెల్' అంటే వరి అని మరికొందరు అంటారు. మొలగొలుకుల బియ్యానికి పేరున్న ఊరికి వరే నప్పుతుందని నా పక్షపాతం. దర్గామిట్టలో మిట్ట అంటే మెరక, అక్కడ పేచీ లేదు. పొగతోటే కొరుకుడు పడటం లేదు. నిజంగా పొగాకు వేసేవారా, లేక వేరే మాట అరిగి ఇలా మిగిలిందా? మీ తాతలనాటి దస్తావేజుల్లో, హద్దులు రాసిన చోట ఆ పేరు కనిపిస్తే ఏ సంవత్సరానిదో, ఎలా రాసి ఉందో చెప్పగలరా?