ప్లాస్టరింగ్ లేని ఇటుక ప్రహరీ: జాయింటు లోపలికి గీరుడు మంచిదేనా?

ప్రహరీ_కాజీపేట: ఎర్ర ఇటుకతోటి ప్రహరీ కడుతున్నం, ప్లాస్టరింగ్ లేదు. ఇటుకల నడుమ జాయింట్లు 12 మి.మీ. లోపలికి గీరితే నీడ పడి మంచిగ కనవడతది. చలిదేశాల్ల ఇట్ల వద్దంటరట. మనకు మంచు గడ్డ కట్టదు గదా, ఏమైతది?

సైట్‌బుక్: మంచు లేదు సరే, వాన ఉంది కదా. లోపలికి గీరితే ప్రతి ఇటుక పైఅంచూ నీళ్లు నిలిచే అరుగే. చలిదేశాల్లో ఆ నీళ్లు ఇటుకలోకి ఇంకి, గడ్డకట్టేటప్పుడు 9 శాతం దాకా ఉబ్బి, ముఖాన్ని పెచ్చులుగా ఊడదీస్తాయి. వరంగల్‌లో ఆ పని ఉప్పు చేస్తుంది. వానాకాలమంతా గోడ తాగిన నీళ్లు ఎండకు ఆరుతూ ఉప్పును ముఖం దగ్గరే వదిలిపోతాయి. గుండ్రటి గాడి చేయించండి. 10 మి.మీ. జాయింటుకు 12 మి.మీ. సలాక. బొటనవేలితో నొక్కితే అచ్చు పడాలి, మాలు (సిమెంటు, ఇసుక ముద్ద) వేలికి అంటకూడదు, రుద్దాల్సింది అప్పుడే. ఆ రుద్దుడుకే మాలు గట్టిపడి రెండంచులా ఇటుకను పట్టుకుంటుంది.

తాపీమాట: కాయితం మీద బాగనే ఉన్నది. మే ఎండల నలుగురు మేస్త్రీలు నాలుగు దిక్కుల కడుతుంటే బొటనవేలు పెట్టి చూసేదెవరు? బిగిసినంక నీళ్లు చల్లి రుద్దుతరు, పైన పొర తేలి పొడిపొడి రాలుతది. ఏటవాలు జాయింటు చేయించుర్రి: తాపీతోటి పైఅంచు 3-4 మి.మీ. లోపలికి నొక్కి, కింది అంచు ఇటుకకు సమానంగ. ఉల్టా నొక్కితే మాత్రం నీళ్లు ఆగుతయి.

సైట్‌బుక్: ఆ ఉల్టాయే ఎక్కువ జరుగుతుంది, నా భయం అదే.

రాతిపని_హుజూరాబాద్: ఇద్దరూ మాలు సంగతి ఇడిసిపెట్టిండ్రు. పాయింటింగ్ (జాయింటు పైన నింపి తీర్చుడు) అనంగనే సిమెంటు, ఇసుక 1:3 కలుపుతరు. మన బట్టీ ఇటుక మెత్తన. మాలు దానికన్న గట్టిదైతే తేమ ఇటుకలకెళ్లే బయటికి పోతది, జాయింటు నిలబడి ఇటుక అరుగుతది. 1:6 చాలు, వీలైతే సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6. ఉబ్బు పాయింటింగ్ (జాయింటు బయటికి ఉబ్బేటట్టు నింపుడు) సైజు రాయి గోడలకు, అది కూడ 20 మి.మీ. లోతు గీరి నింపితేనే ఆగుతది. ఓరుగల్లు కోట రాతిగోడకు మాలే లేదు, ఈ లొల్లే లేదు!

ప్రహరీ_కాజీపేట: గీరుడు బంద్. ఇగ గాడా, ఏటవాలా?

తాపీమాట: ఒక్కడే మేస్త్రీ, మెల్లగ కట్టిపిస్తే గాడి. గుత్తకిస్తే ఏటవాలు.

సైట్‌బుక్: గుత్తకిస్తే ఇటుకకు సమానంగా కోసిన జాయింటే మేలు, తప్పు చేసే వీలు తక్కువ. ఏదైనా సరే, గోడ నెత్తిన రాయి రెండు వైపులా 40 మి.మీ. బయటికి ఉండాలి, దాని అడుగున నీళ్లు తెగి పడేలా ఒక గాడి కొట్టించాలి. నీళ్లు ఎక్కువగా నెత్తి నుంచే దిగుతాయి. 7 రోజులు గోనెపట్టాలు కప్పి తడపండి. పైపు ధార నేరుగా కొడితే కొత్త మాలు కొట్టుకుపోతుంది.